కంబళి పక్కన గింబళి

మన కర్మాగారం నుంచి బయలుదేరే ప్రతి రైలు పట్టా నడుము మీద కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు ఉంటాయి. ఏ సంస్థ తయారుచేసింది, ఏ సంవత్సరంలో తయారుచేసింది, ఏ హీట్‌కు చెందిన ఉక్కు అన్న వివరాలను తెలిసినవారు వాటి ద్వారా ఇట్టే చెప్పగలరు. దేశంలో ఏ మూల ఆ పట్టా కనిపించినా దాని పుట్టుక దాని ఒంటిమీదే ఉంటుంది.

మాటలకు ఆ సౌకర్యం లేదు. అనుదినం వందలాది మాటలు వాడుకుంటున్నా, వాటిని ఎవరు పుట్టించారో, ఎప్పుడు పుట్టించారో మనం ఆలోచించము. కొండలూ నదులూ ఉన్నట్లే మాటలు కూడా ఆది నుంచీ ఉన్నాయని అనుకుంటాము. కాని ప్రతి మాటనూ ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, మొట్టమొదటిసారి అని ఉండాలి కదా! అలా అన్నవారిలో మహాపండితులు కొందరే. పనిచేసుకుంటూ పరిహాసానికి అన్నవారు, ఆటలో అన్నవారు, నోరు తిరగక అన్నవారు మాత్రం ఎందరో. అటువంటి కొన్ని చమత్కారమైన మాటల కథలను ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచదలచాము. ఇది వినోదం కోసం మాత్రమే కాదు. ఇళ్ళలో తెలుగు, వీధిలో హిందీ, పనిలో ఇంగ్లీషు వాడుకునే భిలాయి తెలుగు కుటుంబాలకు ఇందులో కొంత ఆలోచించవలసిన విషయం కూడా ఉన్నది.

కొలిమి దగ్గర పుట్టిన మాటలు

ముందుగా మన ఇంటి నుంచే ప్రారంభిద్దాము. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాటి నుంచి నేటి వరకు మన పెద్దల నోట, మన నోట నలుగుతున్న మాట 'పిగ్ ఐరన్'. పిగ్ అంటే పంది. ఇనుముకూ పందికీ ఏమి సంబంధం?

పూర్వం కొలిమి నుంచి కరిగిన ఇనుమును ఇసుకలో తీర్చిన కాలువలోకి వదిలేవారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి ఒక పక్కగా వరుసగా చిన్న చిన్న గుంటలు. పైనుంచి చూసిన పనివారికి అది పడుకున్న తల్లిపంది, దాని పొదుగును అంటిపెట్టుకుని పాలు తాగుతున్న పిల్లల వలె కనిపించింది. పెద్ద కాలువను 'సౌ' అన్నారు, అంటే ఆడపంది. చిన్న గుంటలలో గట్టిపడిన దిమ్మెలు 'పిగ్స్' అయినాయి. ఇసుక పాన్పులు పోయి పోత యంత్రాలు వచ్చాయి. తల్లిపందిని తలచుకునేవారు లేరు. అయినా ఆ పరిహాసం మాత్రం ప్రపంచమంతటా లెక్కల పుస్తకాలలోకి, ప్రభుత్వ పత్రాలలోకి ఎక్కి కూర్చుంది. మన తెలుగు పాఠ్యపుస్తకాలు దానిని మర్యాదగా 'దుక్క ఇనుము' అన్నాయి. కాని ఆ తర్జుమాలో నవ్వు జారిపోయింది.

ఇంకొక మాట 'సాలమాండర్'. కొలిమి అడుగున పేరుకుని గట్టిపడిపోయే ఇనుప ముద్దకు ఆ పేరు. అగ్నిలో కాపురముండి కూడా కాలని ఒక బల్లివంటి జంతువు ఉంటుందని పాశ్చాత్యుల పుక్కిటి పురాణం. కొలిమి గర్భంలో ఏళ్ళ తరబడి పడి ఉండే ఆ ముద్దకు అంతకన్న తగిన పేరు ఏముంటుంది? విశేషమేమంటే అదే వస్తువును రష్యన్ పనివారు 'కొజ్యోల్' అంటారు. అంటే మేకపోతు. భిలాయి కర్మాగారం సోవియట్ సహకారంతో నిర్మితమైన సంగతి అందరికీ తెలిసినదే. అంటే ఒకే కొలిమి చుట్టూ చేరి ఒకే ఇనుప ముద్దను చూస్తూ, ఇంగ్లీషు పుస్తకం చదివినవారు బల్లిని, రష్యా నుంచి వచ్చినవారు మేకను తలచుకున్నారన్నమాట! ఎక్కడి పనివాడైనా మొండి వస్తువును చూడగానే ముందుగా గుర్తు చేసుకున్నది జంతువునే.

ఇక 'గ్యాస్' అనే మాట. కొలిమి గ్యాస్, కోక్ ఓవెన్ గ్యాస్, వంటింటి గ్యాస్ అని రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. ఈ మాట ఏ ప్రాచీన భాషలోనూ లేదు. ఇప్పటి బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు 17వ శతాబ్దంలో దీనిని కల్పించాడు. ఆకారం లేని ఆదిమ అస్తవ్యస్త స్థితిని గ్రీకులు 'ఖావోస్' అన్నారు. పాత్రలో పట్టి ఉంచడానికి లొంగని ఈ పదార్థం కూడా అటువంటిదే అనుకుని, ఆ మాటను తన ఉచ్చారణకు తగినట్లు కుదించి 'గ్యాస్' అన్నాడు. ఆయన రచన 1648లో, మరణానంతరం, వెలువడింది. ఒక్క మనిషి కల్పించిన ఒక్క అక్షరం మాట నేడు లోకంలోని ఎన్నో భాషలలో ఉన్నదంటే ఆశ్చర్యం కాదా!

యంత్రాల సంగతి వచ్చింది కనుక 'రోబో'ను కూడా చెప్పుకోవాలి. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత యంత్రమానవుల గురించి ఒక నాటకం రాశాడు. ఆ కృత్రిమ కార్మికులకు ఏమి పేరు పెట్టాలో ఆయనకు తోచలేదు. చిత్రకారుడైన అన్న యోసెఫ్‌ను అడిగితే ఆయన 'రోబోట్' అని సూచించాడట. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరి. అన్నదమ్ముల మాటల మధ్య పుట్టిన ఆ పేరు నేడు కర్మాగారాలలో స్థిరపడింది.

మన ఉక్కు ఊరు దాటిన కథ

ఆటలో పుట్టిన మాటలు కొన్నయితే పొరపాటున పుట్టిన మాటలు మరికొన్ని. వాటిలో ఒకదానికి మన తెలుగుతో దగ్గర బంధుత్వమున్నది.

తెలంగాణలోని నిజామాబాద్ ప్రాంతంలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. ఒకప్పుడు అక్కడ మట్టి మూసలలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెదుక్కుంటూ వచ్చేవారు. దక్షిణాదిన ఇలా తయారైన ఉక్కును బొంబాయిలోని ఒక బ్రిటిష్ వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి పంపగా, 1795లో జార్జ్ పియర్సన్ దానిని పరీక్షించి ఒక పత్రం సమర్పించాడు. అందులో దాని పేరు 'వూట్జ్' అని ఉన్నది. అప్పటి నుంచి లోహశాస్త్రంలో అదే పేరు నిలిచిపోయింది. మహాశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కూడా తన యౌవనంలో ఈ వూట్జ్ రహస్యం ఛేదించాలని ప్రయోగాలు చేశాడు.

ఈ వూట్జ్ ఏ భాష మాట? తెలుగు కన్నడాలలోని 'ఉక్కు'యే అది అని పండితుల అభిప్రాయం. 'ఉక్కు'ను 'వుక్కు' అని పలకగా విన్న దొరలు 'వూక్' అని రాసి ఉంటారనీ, ఆ చేతివ్రాతను సరిగా చదవలేక ఎవరో 'వూట్జ్' చేసి ఉంటారనీ వారు ఊహించారు. అంటే మన కమ్మరి నోటి మాట ఒకటి, లేఖకుని కలం జారి, వేషం మార్చుకుని, లోహశాస్త్ర గ్రంథాలలో గౌరవనీయమైన స్థానం సంపాదించిందన్నమాట.

మన కర్మాగారం హిందీ పేరు 'భిలాయీ ఇస్పాత్ సంయంత్ర'. ఇందులోని 'ఇస్పాత్' కూడా దూరదేశపు బంధువే. కత్తిని పోర్చుగీసు భాషలో 'ఎస్పాడ' అంటారు. ఇస్పాత్ దాని నుంచే వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. మన ఉక్కు పడమటికి వెళ్ళి వూట్జ్ అయింది. పడమటి కత్తి ఇక్కడికి వచ్చి ఇస్పాత్ అయింది. మాటల వ్యాపారంలో ఎగుమతులూ దిగుమతులూ ఎప్పుడూ ఉన్నవే.

రాజాం నుంచి వచ్చిన మాటల మాంత్రికుడు

తెలుగులో కొత్త మాటలు పుట్టించి జనం చేత పలికించిన వారిలో పింగళి నాగేంద్రరావు గారిది ప్రత్యేక స్థానం. ఆయన 1901 డిసెంబరు 29న రాజాంలో జన్మించారు. అప్పటి శ్రీకాకుళం ప్రాంతపు రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉన్నది. భిలాయిలోని తెలుగు కుటుంబాలలో ఎన్నింటికో అది స్వగ్రామం పక్క ఊరు. ఆయన బందరు జాతీయ కళాశాలలో యంత్రవిద్య అభ్యసించి, ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొంతకాలం ఉద్యోగం చేశారు. హౌరా నుంచి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్‌ల మీదుగా మన భిలాయిని తాకుతూ నాగపూర్ వెళ్ళే దారి ఆ రైల్వేదే. అంటే ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని ఈ దారి వెంట వచ్చిన మన తాతల వంటివారే ఆయన కూడా. ఆ తరువాత నాటకాలు రాశారు, చిత్రసీమకు వెళ్ళారు. 1971లో కన్నుమూశారు.

పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), జగదేకవీరుని కథ (1961) చిత్రాలకు మాటలు, పాటలు ఆయనవే. పాతాళభైరవిలో మరుగున పడిన 'డింభక' శబ్దానికి ప్రాణం పోశారు. సంస్కృతంలో దానికి బాలుడని అర్థం. చిత్రం వచ్చిన తరువాత అది తెలుగునాట స్నేహితులు ఒకరినొకరు ఆట పట్టించుకునే పిలుపయింది. కాని ఆయన ప్రతిభ పూర్తిగా విప్పారినది మాయాబజార్‌లో.

అందులో కౌరవ పక్షంవారి విడిదిలో ఘటోత్కచుని అనుచరులు కొన్ని మాయా వస్తువులు అమరుస్తారు. వాటిలో ఒకటి 'గింబళి', మరొకటి 'గిల్పం'. వినగానే నవ్వు వస్తుంది. ఎందుకు వస్తుందో విచారిస్తే తెలుగు వ్యాకరణంలోని ఒక రహస్యం బయటపడుతుంది.

తెలుగువారికి ఒక అలవాటున్నది. ఒక మాట చెప్పి, దాని మొదటి అక్షరం తీసివేసి, ఆ స్థానంలో 'గి' గాని 'గీ' గాని చేర్చి మళ్ళీ అంటారు. కాఫీ గీఫీ, పుస్తకం గిస్తకం, ఇల్లు గిల్లు, పాలు గీలు. అటువంటివి, తక్కినవి అని దాని భావం. ఈ 'గి' మాట ఎప్పుడూ తోకగానే ఉంటుంది. కాఫీ తాగారా అని అడుగుతారు గాని, గీఫీ తాగారా అని ఎవరూ అడగరు. పింగళివారు చేసిన చమత్కారమంతా ఇక్కడే ఉన్నది. కంబళి తోకను కత్తిరించి, 'గింబళి'ని ఒక వస్తువుగా నిలబెట్టారు. తల్పం తోకను కత్తిరించి 'గిల్పం' చేశారు. ప్రతి ఇంట్లో ప్రతి దినం పుట్టి మాయమయ్యే తోకమాటకు ఆయన ఒంటరిగా నిలబడే కాళ్ళిచ్చారు. అందుకే మొదటిసారి విన్నవారికి కూడా ఎవరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది.

'అసమదీయులు, తసమదీయులు' అన్న జంట మరింత సొగసైనది. 'అస్మదీయ' అసలైన సంస్కృత శబ్దమే, మాకు చెందిన అని అర్థం. దానికి ఎదురుగా 'వారికి చెందిన' అనడానికి సంస్కృతంలో 'తదీయ' ఉన్నది. 'తస్మదీయ' అన్నది ఏ సంస్కృత నిఘంటువులోనూ దొరకదు. ప్రాస కోసం, రాక్షసుల పాండిత్యం చూపడానికి కల్పించినది. అయినా నేడు వార్తాపత్రికలు 'అస్మదీయులకు పదవులు, తస్మదీయులకు మొండిచేయి' అన్న ధోరణిలో గంభీరంగా రాస్తున్నాయి. నిజమైన 'తదీయ' గ్రంథాలలో ఉండిపోయింది, ఆటకు పుట్టిన 'తస్మదీయ' అంగడిలో తిరుగుతున్నది. 'దుష్టచతుష్టయం' కూడా అదే చిత్రం ద్వారా జనంలోకి వచ్చి, రాజకీయ ప్రసంగాలలో స్థిరనివాసం ఏర్పరచుకున్నది.

ఆ చిత్రంలోనే అనుచరుడొకడు కొత్త మాట ఒకటి కల్పించినప్పుడు ఘటోత్కచుడు అతనిని మందలించడు. ఎవరో ఒకరు పుట్టించనిదే మాటలు పుట్టవు కదా అన్న భావంతో అతనిని సమర్థించి, వీరతాడు వేయించి సన్మానిస్తాడు. ఎస్.వి. రంగారావు గారి గంభీర కంఠంలో వినోదంగా పలికిన ఆ తీర్పు నిజానికి భాషాశాస్త్రపు మూలసూత్రం.

వైరి సమాసాలు, మైత్రీ బాగ్

ఆ 'వీరతాడు'ను కూడా ఒకసారి పరిశీలించండి. 'వీర' సంస్కృతం, 'తాడు' అచ్చ తెలుగు. సంస్కృత పదం వెనుక తెలుగు పదాన్ని తగిలించి సమాసం చేయడాన్ని మన పూర్వ వ్యాకర్తలు సాధారణంగా అంగీకరించలేదు. అటువంటి దానిని 'వైరి సమాసం' అన్నారు. శత్రువులను ఒకే కాడికి కట్టినట్లని వారి భావన. పింగళివారు ఆ నిషేధాన్ని నవ్వుతూ దాటారు, జనం నవ్వుతూ ఆమోదించారు.

మన ఊళ్ళోనే దీనికి చక్కని జవాబు ఉన్నది. భారత సోవియట్ స్నేహానికి చిహ్నంగా వెలసిన మన ఉద్యానవనానికి 'మైత్రీ బాగ్' అని పేరు పెట్టారు. 'మైత్రి' సంస్కృతం, 'బాగ్' పారసీకం. వ్యాకర్త చూస్తే ఇదీ వైరి సమాసమే అనేవాడేమో! కాని దాని అర్థమే మైత్రి. ఆదివారం నాడు అక్కడికి పిల్లలతో వెళ్ళేవారెవరూ ఆ రెండు పదాలు రెండు భాషలవని తలచరు.

తెలుగు భాష ఇతర భాషల పదాలను తనలో కలుపుకోవడం నిన్న మొన్నటి విషయం కాదు. 'దబాయించు', 'చలాయించు', 'బనాయించు', 'జమాయించు' వంటి క్రియలను గమనించండి. దబానా, చలానా, బనానా, జమానా అనే హిందుస్తానీ క్రియలకు మన 'ఇంచు'ను అతికించి తెలుగువారు వీటిని తయారుచేసుకున్నారు. నవాబుల పాలనలో, కచేరీలలో, సంతలలో ఆ భాషతో మెలిగిన సామాన్యులు తమ అవసరం కొద్దీ చేసిన పని ఇది. నేడు ఎవరైనా 'అధికారం చలాయించాడు' అంటే అది తెలుగు కాదని ఎవరు అనగలరు?

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకుందాము. భిలాయిలో పుట్టి పెరిగిన ఒక పిల్లవాడు ఊళ్ళో ఉన్న మామ్మతో ఫోనులో, "మామ్మా, నాన్న మమ్మల్ని మైత్రీ బాగ్ అంతా ఘుమాయించాడు" అన్నాడనుకోండి. తల్లి సిగ్గుపడుతుంది. పక్కనున్న పెద్దలు, "అదేమి తెలుగురా! తిప్పాడు అనాలి" అని మందలిస్తారు. తిప్పాడు అన్నది మంచి మాటే, వాడికి అది నేర్పవలసిందే. కాని ఆ పిల్లవాడు చేసిన పని ఏమిటి? హిందీలోని 'ఘుమానా'ను తీసుకుని, తెలుగు వ్యాకరణపు అచ్చులో పోసి, తెలుగు క్రియను తయారుచేశాడు. కాలం, పురుషం, వచనం అన్నీ తెలుగువే. 'చలాయించు'ను పుట్టించిన పూర్వుడు చేసినది అక్షరాలా ఇదే. వాడికి తెలుగు రాదనడం సరికాదు. వాడి నోట తెలుగు యంత్రం చక్కగా పనిచేస్తున్నది, ముడిసరుకు మాత్రమే స్థానికమైనది. దల్లీ రాజహరా ఖనిజంతో మన కొలిమి పనిచేయడం లేదా!

నిలిచే మాట, నిలవని మాట

అయితే పుట్టిన ప్రతి మాటా బతుకుతుందా? బతకదు. రైలు మన దేశానికి వచ్చిన కొత్తలో పండితులు 'ధూమశకటము' అన్నారు. జనం 'పొగబండి' అన్నారు. చివరకు 'రైలుబండి' నిలిచింది. ధూమశకటం ఇప్పుడు హాస్యానికి మాత్రమే పనికివస్తున్నది.

మన పరిశ్రమకు సంబంధించినదే మరొక ఉదాహరణ. 'స్లాగ్'కు పాఠ్యపుస్తకాలలో 'లోహమలం' అని రాశారు. అర్థం తప్పు కాదు. కాని కమ్మరి కొలిమి దగ్గర తరతరాలుగా వాడుకలో ఉన్న 'చిట్టెం' అనే మాట ఉండనే ఉన్నది. ఇనుప చిట్టెం అంటే పల్లెలో పెద్దవారికి నేటికీ తెలుస్తుంది. చేతిలో ఉన్న మాటను వదిలి గ్రంథం నుంచి కొత్త మాట తెచ్చుకున్నాము. ఫలితంగా పరీక్షలో లోహమలం, పనిలో స్లాగ్ మిగిలాయి, చిట్టెం మరుగున పడుతున్నది.

దీనికి విరుద్ధంగా 'సుత్తి' సంగతి చూడండి. 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' చిత్రం విడుదలైన తరువాత, విసుగు పుట్టించే వాగుడుకు 'సుత్తి' అన్న పేరు స్థిరపడింది. పనిముట్టు పాతదే, అర్థం కొత్తది. తలమీద ఆగకుండా పడే దెబ్బలను తలచుకుంటే ఆ పోలిక ఎంత సరిగ్గా అతికిందో సుత్తి పట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ చిత్రంలో నటించిన వీరభద్రరావు, వేలు గార్లకు అదే ఇంటిపేరయింది.

వీటిని బట్టి మాకు తోచినది ఇది. నోటికి తేలికగా ఉండాలి, కంటికి బొమ్మ కట్టాలి, ముందే తెలిసిన మాటకు చుట్టరికం ఉండాలి, విన్నవాడికి మళ్ళీ అనాలనిపించాలి. ఈ నాలుగూ ఉన్న మాట నిలుస్తుంది. పిగ్ ఐరన్, గింబళి, సుత్తి అలా నిలిచినవే. ఆజ్ఞతో, కమిటీతో మాత్రమే మాట నిలవదు.

పిల్లల టంకసాల

మాటలు పుట్టించడంలో పిల్లలను మించినవారు లేరు. అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ కాస్నర్ ఒకటి పక్కన నూరు సున్నాలుండే సంఖ్యకు ఒక పేరు కావలసి వచ్చి, తొమ్మిదేళ్ళ మేనల్లుడిని అడిగాడు. ఆ బాలుడు 'గూగోల్' అన్నాడు. 1940లో వెలువడిన పుస్తకం ద్వారా ఆ మాట గణితంలోకి వెళ్ళింది. 1998లో స్థాపితమైన గూగుల్ సంస్థ పేరు ఆ మాటను కొద్దిగా మార్చి పెట్టుకున్నదే. నేడు "గూగుల్ చేసి చూడు" అని మన పిల్లలు అంటున్నప్పుడు, వారు సాటి పిల్లవాడి మాటనే వాడుతున్నారు.

తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు' ఇటువంటి టంకసాలే. జ్ఞానప్రసూనాంబ అనే నిండైన పేరు పసినోటిలో పడి 'సీగానపెసూనాంబ' అయింది. మనందరి ఇళ్ళలోని బువ్వ, లాల, జేజి, జోజో ఎక్కడివి? వ్యాకరణం తెలియని నోళ్ళ కోసం తల్లులు, అమ్మమ్మలు పుట్టించినవి కావా?

ఇక్కడే మేము మొదట ప్రస్తావించిన ఆలోచించవలసిన విషయం ఉన్నది. భిలాయికి తొలి తరంలో వచ్చిన మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుడికారాన్ని మూటగట్టుకుని తెచ్చారు. రెండవ తరం రెండు భాషలను సమానంగా మోసింది. నేడు ఎదుగుతున్న మూడవ, నాలుగవ తరాల పిల్లలలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం హిందీలో వస్తుంది. ఇది వారి నేరమని మేము అనుకోము. పిల్లవాడు హిందీలో తప్పు మాట్లాడితే స్నేహితులు నవ్వి ఊరుకుంటారు, ఆట సాగుతుంది. తెలుగులో తప్పు మాట్లాడితే పెద్దలు సరిదిద్దుతారు, చుట్టాలు ఎగతాళి చేస్తారు. ఏ భాషలో ఆడుకోవడానికి అనుమతి ఉన్నదో ఆ భాషలోనే పిల్లవాడు ఉంటాడు. ఏ భాషలో పరీక్ష మాత్రమే ఉన్నదో దానిని వదిలించుకుంటాడు.

ఒక భాష వెనుకబడుతున్నదనడానికి గుర్తు అందులోకి పరభాషా పదాలు రావడం కాదు. తెలుగులోకి అవి ఎన్నడూ వస్తూనే ఉన్నాయి. ఆ భాషలో కొత్త మాట అనడానికి దాని బిడ్డలే జంకడం అసలైన ప్రమాద సూచన. గింబళి అని నవ్వగలిగిన ఇంట్లో తెలుగు ఉంటుంది. అందుచేత తప్పు దిద్దవద్దని మేము చెప్పడం లేదు. ముందు నవ్వి, మెచ్చుకుని, ఆ తరువాత మన మాటను పక్కన పెట్టమని కోరుతున్నాము. "ఘుమాయించాడా? భలే! మా చిన్నప్పుడు మేము తిప్పాడు అనేవాళ్ళం" అంటే పిల్లవాడికి ఒకటి పోయి ఒకటి రాదు, రెండు మాటలు మిగులుతాయి.

ఇంటింటా ఒక ఆట

ఇందుకు ఖర్చు లేని రెండు పనులు సూచిస్తున్నాము.

మొదటిది తోకమాటల ఆట. మన క్వార్టర్ల వరుసలోనే ఎన్ని భాషలవారు లేరు! తెలుగువారు 'గి' తగిలిస్తారు. హిందీవారు 'వ' తగిలించి 'చాయ్ వాయ్' అంటారు. పంజాబీవారు 'శ' తగిలించి 'రోటీ శోటీ' అంటారు. బెంగాలీవారు 'ట' తగిలించి 'చా టా' అంటారు. తమిళులు, మలయాళీలు మనకు దగ్గరగా 'కి', 'గి' ధ్వనులే వాడతారు. ఇక ఒడియా, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పొరుగువారు ఏమంటారో పిల్లలను అడిగి తెలుసుకు రమ్మనండి. ఆ తరువాత ఇంట్లోని ప్రతి వస్తువుకూ ఒక తోకమాట కట్టి, ఆ తోకను వేరు చేసి, 'గిల్పం' వలె అది ఏ వస్తువు కావచ్చునో ఊహించమనండి. సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఇంతకన్న మంచి కాలక్షేపం లేదు.

రెండవది కుటుంబ నిఘంటువు. ప్రతి ఇంట్లో ఆ ఇంటివారికే తెలిసిన మాటలు కొన్ని ఉంటాయి. ఎవరో పసితనంలో తప్పుగా అన్నది, తాతగారు షాపు నుంచి తెచ్చినది, అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చినది. ఒక నోటు పుస్తకంలో ఆ మాట, దాని అర్థం, మొదట అన్నవారి పేరు, సంవత్సరం రాసి ఉంచండి. పెద్దవారు జీవించి ఉండగానే 'చిట్టెం', 'దాగలి', 'సమ్మెట' వంటి కొలిమి మాటలను కూడా అడిగి రాసుకోండి. పదవీ విరమణ చేసి విశ్రాంతిగా ఉన్న మన పెద్దలకు ఇది ఇష్టమైన పని అవుతుంది, మనుమలకు వారి పక్కన కూర్చోవడానికి ఒక నెపమవుతుంది.

రైలు పట్టా మీద ముద్ర వేసేవారు వేరే ఉన్నారు. మాటమీద ముద్ర వేయవలసినది మాత్రం దానిని పలికే కుటుంబమే. ఈ ఆదివారమే ఆ నోటు పుస్తకం తెరవండి. మొదటి పుటలో మీ ఇంట్లోని చిన్నవారు అన్న మాటనే రాయండి. రాసిన తరువాత ఆ చిన్నవారికి ఒక వీరతాడు వేయడం మరువకండి.